పాఠం చెప్పేదీ తనే, నేర్చుకునేదీ తనే: అమెరికా హాస్టళ్ల ఆగస్టు శిక్షణలో ఇంటర్న్ ఎవరు?

“నాకు ఆర్‌ఏ వచ్చిందమ్మా” అని అమెరికా నుంచి ఫోన్ వస్తే ఆ మాటకు రెండు అర్థాలుండొచ్చు. ప్రొఫెసర్ దగ్గర పరిశోధనలో సాయపడే రీసెర్చ్ అసిస్టెంట్ ఒకటి. ఎంఎస్‌కి వెళ్లిన మన పిల్లలు ఎక్కువగా అనేది ఇదే. రెండోది రెసిడెంట్ అసిస్టెంట్. అంటే హాస్టల్లో ఒక అంతస్తులో మిగతా పిల్లలతో పాటే ఉంటూ వాళ్ల బాగోగులు చూసే తోటి విద్యార్థి. పని వేరు, ప్రతిఫలం వేరు, బాధ్యత అసలే వేరు. ఈ వ్యాసం ఈ రెండో ఆర్‌ఏల గురించి, వాళ్లకు ఆగస్టులో జరిగే శిక్షణ గురించి. ముఖ్యంగా ఆ శిక్షణలో అటు అధికారీ కాక, ఇటు విద్యార్థి సిబ్బందీ కాక నడిమధ్య నిలబడే ఇంటర్న్ గురించి.

ఆ ఇంటర్న్ పరిస్థితి అర్థమైతే ఈ వ్యవస్థంతా అర్థమవుతుందని నా నమ్మకం. ఆర్‌ఏ స్నేహితుడా, ఉద్యోగా? ఆ పని చదువులో భాగమా, చాకిరీయా? ఈ చిక్కులన్నీ వచ్చి ఆ ఒక్క మనిషి దగ్గరే ముడిపడతాయి.

ముందు పదాలు తేల్చుకుందాం

అమెరికా యూనివర్సిటీల్లో హాస్టళ్లను ‘రెసిడెన్స్ హాల్స్’ అంటారు. వాటిని నడిపే విభాగం పేరు రెసిడెన్స్ లైఫ్. క్యాంపస్‌లో అందరూ ‘రెస్‌లైఫ్’ అనే పిలుస్తారు. గదులు కేటాయించడం, అద్దె వసూలు చేయడం, మరమ్మతులు చేయించడం హౌసింగ్ వాళ్ల పని. ఆ గదుల్లో ఉండే పిల్లలు ఒకరితో ఒకరు ఎలా మసలుతున్నారు, ఎవరైనా ఒంటరైపోతున్నారా, గొడవలు ఎలా తీరుతున్నాయి అన్నది రెస్‌లైఫ్ చూస్తుంది. కొన్నిచోట్ల రెండూ ఒకే ఆఫీసులో ఉంటాయి.

ఈ విభాగంలో అందరికంటే విద్యార్థులకు దగ్గరగా ఉండేది ఆర్‌ఏ. సాధారణంగా మొదటి ఏడాది దాటిన డిగ్రీ విద్యార్థి. ఒక అంతస్తులో ముప్పై నలభై మంది తన బాధ్యత. ఆర్‌ఏల మీద హాల్ డైరెక్టర్ ఉంటారు. చాలాచోట్ల ఇది పూర్తికాలపు ఉద్యోగం, మాస్టర్స్ చదివినవాళ్లకే ఇస్తారు, వాళ్లూ ఆ భవనంలోనే కాపురముంటారు. కొన్ని క్యాంపస్‌లలో అదే పనిని మాస్టర్స్ చదువుతున్న విద్యార్థి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేస్తారు.

ఇంక ఇంటర్న్. అమెరికాలో ఉన్నత విద్యా నిర్వహణ, విద్యార్థి వ్యవహారాలు అనేవి మాస్టర్స్ స్థాయి చదువులు. అవి చదివేవాళ్లు వేసవిలో తమది కాని మరో యూనివర్సిటీకి వెళ్లి రెస్‌లైఫ్‌లో పనిచేస్తారు. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌ కేంద్రంగా ఉన్న హౌసింగ్ అధికారుల అంతర్జాతీయ సంఘం అకూహో-ఐ ఇలాంటి వేసవి ఇంటర్న్‌షిప్‌లకు విద్యార్థులనూ యూనివర్సిటీలనూ కలుపుతుంది. ఉండటానికి గది ఇస్తారు, కొంత భృతి ఇస్తారు. మే చివర్లోనో జూన్‌లోనో మొదలై ఆగస్టు మొదట్లో ముగియడం మామూలు. ఈ ముగిసే తేదీని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

వార్డెన్ స్థానంలో ఇరవై ఏళ్ల విద్యార్థి ఎందుకున్నాడు?

మన దగ్గర హాస్టల్ అనగానే వార్డెన్ గుర్తొస్తారు. ర్యాగింగ్ నిరోధానికి యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనలు కూడా ప్రతి హాస్టల్‌కూ పూర్తికాలపు వార్డెన్ ఉండాలనీ, ఆ వ్యక్తికి క్రమశిక్షణ నడిపే శక్తితో పాటు పిల్లలతో మనసు విప్పి మాట్లాడే నేర్పూ కావాలనీ చెబుతున్నాయి. ఒకే మనిషిలో రెండూ ఉండాలన్నమాట. అమెరికాలో ఆ రెండు పనుల బరువులో పెద్ద భాగం తోటి విద్యార్థి భుజాల మీదికి వచ్చింది.

ఒకప్పుడు అక్కడా కాలేజీలు తల్లిదండ్రుల స్థానంలో నిలబడేవి. ఆడపిల్లల హాస్టళ్లలో ‘హౌస్ మదర్’ ఉండేది, రాత్రి ఇన్నింటికి లోపలికి రావాలన్న నియమాలుండేవి. 1960లో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో నల్లజాతి విద్యార్థులు కోర్టు భవనంలోని భోజనశాలలో కూర్చుని నిరసన తెలిపారు. అలబామా స్టేట్ కాలేజీ వారిలో కొందరిని విచారణ లేకుండానే బహిష్కరించింది. డిక్సన్ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో 1961లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, నోటీసూ విచారణా లేకుండా ప్రభుత్వ కాలేజీ విద్యార్థిని వెళ్లగొట్టరాదంది. కాలేజీకి తండ్రి హోదా ఉందన్న పాత భావన అక్కడి నుంచి బలహీనపడుతూ వచ్చింది. విద్యార్థి హక్కులున్న పెద్దవాడయ్యాడు. పెద్దవాడి గదిలోకి పెద్దరికంతో వెళ్లడం కుదరదు కాబట్టి అతని తోటివాడిని దగ్గర పెట్టడం మేలన్న ఆలోచన బలపడింది.

అయితే బాధ్యత తగ్గలేదు. 1986 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల విద్యార్థినిని తన హాస్టల్ గదిలోనే హత్య చేశారు. తాళం పడాల్సిన తలుపులను రాకపోకల సౌకర్యం కోసం ఎవరో తెరిచి ఉంచారు. హంతకుడు ఆ తలుపుల గుండానే వచ్చాడు. ఆమె తల్లిదండ్రుల పోరాటంతో 1990లో వచ్చిన చట్టం ఆమె పేరుతోనే ఉంది. క్యాంపస్‌లో జరిగే నేరాల లెక్కలు బయటపెట్టడం దాంతో తప్పనిసరైంది. తమ దృష్టికి వచ్చిన నేరాన్ని నివేదించాల్సిన ‘క్యాంపస్ సెక్యూరిటీ అథారిటీ’లలో ఆర్‌ఏలూ ఉంటారు. రాత్రి డ్యూటీలో ఆర్‌ఏ ఒక్కో తలుపూ లాగి చూస్తూ, అడ్డం పెట్టిన ఇటుకనో అట్టపెట్టెనో తీసేస్తూ పోవడం చూసేవారికి చాదస్తంగా అనిపించొచ్చు. దాని వెనక ఒక పిల్ల ప్రాణం ఉంది.

ఆ రెండు వారాల్లో ఏం జరుగుతుంది

తరగతులు మొదలవడానికి వారం నుంచి రెండు వారాల ముందు ఆర్‌ఏలందరినీ పిలిపిస్తారు. పెళ్లింట్లో విడిది సర్దుతున్నట్టు ఉంటుంది ఆ హడావుడి. ఒకపక్క పొద్దున్నుంచి సాయంత్రం వరకు క్లాసులు. ఇంకోపక్క రాత్రిపూట నోటీసు బోర్డులు అలంకరించడం, ప్రతి గది తలుపు మీదా అందులో చేరబోయేవారి పేరు రాసి అతికించడం, తాళాల లెక్క చూడటం. మంటలార్పే సిలిండర్ వాడటం, డ్యూటీ ఫోన్ నియమాలు, సంఘటన నివేదిక రాయడం, ఆత్మహత్య ఆలోచనలున్నవారిని గుర్తించి సరైన చోటికి పంపడం, మద్యం విషయంలో నిబంధనలు అన్నీ ఆ కొద్ది రోజుల్లోనే. అమెరికాలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. ఇరవై ఏళ్ల ఆర్‌ఏ ఇరవై ఏళ్ల తోటివాడి గదిలో సీసా చూసి కాగితం మీద పెట్టాలి. మర్నాడు అదే మెస్సులో అతని పక్కనే కూర్చోవాలి.

ఇంటర్న్ వేసవంతా చేసిన పని ఈ రోజుల కోసమే. ఏ క్లాసు ఎప్పుడు, ఎవరు చెబుతారు, ఏ హాలు ఖాళీ ఉంది అన్న పట్టిక తయారుచేయడం, ఆర్‌ఏ చేతిపుస్తకం సవరించడం, నటించి చూపాల్సిన సన్నివేశాలు రాయడం లాంటివి. ఒకటో రెండో క్లాసులు తనే చెప్పాల్సి రావచ్చు.

‘మూసిన తలుపుల వెనక’: అసలు పరీక్ష ఇక్కడ

శిక్షణలో అందరూ గుర్తుపెట్టుకునేదీ, అందరూ భయపడేదీ ‘బిహైండ్ క్లోజ్డ్ డోర్స్’ అనే అభ్యాసం. ఖాళీ హాస్టల్లో ఒక వరుస గదులు తీసుకుంటారు. ఒక్కో గదిలో పాత ఆర్‌ఏలు ఒక్కో సమస్యను నటిస్తుంటారు. కొత్త ఆర్‌ఏ తలుపు తట్టి, తానెవరో చెప్పి, లోపలికి వెళ్లి పరిస్థితి చక్కదిద్దాలి. మిగతా కొత్తవాళ్లు గోడవారన నిలబడి చూస్తారు. కొన్ని నిమిషాలయ్యాక గదిని నడిపే వ్యక్తి ఆపి, జరిగినదాని మీద చర్చ పెడతారు. ఇంటర్న్ అప్పటిదాకా ఉంటే ఆ నడిపే వ్యక్తి తనే కావచ్చు.

ఒక గదిని ఊహించుకుందాం. అపార్ట్‌మెంట్ తరహా హాస్టల్. రూమ్మేట్లు ఇద్దరు, ఒకమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చింది, ఇంకో అమ్మాయి ఒహాయో. కొత్త ఆర్‌ఏ వెళ్లేసరికి ఇద్దరూ అరుచుకుంటున్నారు. రాత్రి పదకొండింటికి పోపు పెట్టి ఇల్లంతా ఇంగువ వాసన చేస్తోందని, పొగకు అలారం మోగిందని ఒకరి ఫిర్యాదు. వారంలో మూడు రాత్రులు బాయ్‌ఫ్రెండ్‌ను పొద్దుపోయేదాకా ఇక్కడే ఉంచుతోందని రెండోవారి ఫిర్యాదు. కొత్త ఆర్‌ఏ టెన్షన్‌లో అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తాడు: నువ్వు తొమ్మిదిలోపు వండుకో, నువ్వు అతన్ని పంపించెయ్.

ఇంటర్న్ ఆపుతుంది. తప్పు చేశావనదు. “లోపలికి వెళ్లగానే ముందు ఏం చూశావు?” అని అడుగుతుంది. తర్వాత “ఇద్దరినీ విడిగా అడిగి ఉంటే ఏం తెలిసేదంటావ్?” అంటుంది. నటిస్తున్న అమ్మాయి అప్పుడు తన పాత్రలో దాచి ఉంచిన సంగతి చెబుతుంది. ఆ అబ్బాయి వెళ్లేదాకా గదికి రావడానికి ఇబ్బందిపడి తను లైబ్రరీలో కూర్చుంటోంది, అందుకే వంట పదకొండవుతోంది. అంటే గొడవ ఇంగువది కాదు, అతిథులది. ఏడాది మొదట్లో రూమ్మేట్లిద్దరూ రాసి సంతకం పెట్టే ఒప్పందపత్రంలో అతిథుల గురించి ఏం రాసుకున్నారో తీసి చూడటం తర్వాతి మెట్టు. వాసన సంగతి ఆ తర్వాత, అదీ ఇద్దరూ కుదుటపడ్డాక, ఇంకో రోజు.

ఈ అభ్యాసం మీద గట్టి భేదాభిప్రాయాలున్నాయి. సమర్థించేవారు చెప్పేది నిజమే: చేతిపుస్తకంలో చదివినది తలుపు తట్టేటప్పుడు గుర్తురాదు, గొంతు మొదటిసారి వణికేది నిజమైన ఆపదలో కాకుండా ఇక్కడ వణకనివ్వడం మంచిది. వ్యతిరేకించేవారిదీ తీసిపారేయదగ్గ మాట కాదు. గృహహింసో, ఆత్మహత్యా ప్రయత్నమో తమ ఇంట్లోనే చూసినవారు ఆ కొత్త ఆర్‌ఏల్లో ఉంటారు. హెచ్చరిక లేకుండా వారిని ఆ గదిలోకి తోస్తే పాత గాయం రేగుతుంది. నటించే పాత ఆర్‌ఏలు ఉత్సాహంలో హద్దు దాటితే నేర్చుకునేది పోయి భయం మిగులుతుంది. ఇంకో అభ్యంతరం నాకు బలమైనదిగా తోస్తుంది. వరసగా ఎనిమిది గదుల్లో ఎనిమిది ఆపదలు చూసినవాడు ఏడాదంతా అదే జరుగుతుందనుకుంటాడు. నిజానికి ఆర్‌ఏ పనిలో ఎక్కువ భాగం వారానికోసారి పలకరించడం, పోయిన తాళంచెవి గురించి రాయడం, ఎవరు భోజనానికి రావడం మానేశారో గమనించడం.

అందుకే చాలా క్యాంపస్‌లు మధ్యేమార్గం పట్టాయి. ఏ గదిలో ఏ అంశం ఉందో ముందే చెప్పడం, ఎవరైనా కారణం చెప్పకుండా తప్పుకునే వీలివ్వడం, హింసను నటించకుండా దాని తర్వాతి సంభాషణను మాత్రమే నటించడం, కౌన్సెలర్‌ను దగ్గర ఉంచడం. చర్చకు సమయం మిగల్చకపోతే వీటిలో ఏదీ పనిచేయదని నా అభిప్రాయం. పది నిమిషాల నటనకు ఇరవై నిమిషాల మాట కావాలి.

“ఎవరికీ చెప్పనని మాటివ్వు”

కొత్త ఆర్‌ఏలు ఎక్కువగా తడబడేది ఈ వాక్యం దగ్గర. అర్ధరాత్రి ఒకమ్మాయి తలుపు తట్టి ఈ మాట అంటే మంచి మనసున్న ఎవరైనా “సరే” అనేస్తారు. ఆర్‌ఏ అనకూడదు.

ఇక్కడ రెండు రకాల గోప్యతలను వేరు చేయాలి. కౌన్సెలర్, డాక్టర్, మతగురువు దగ్గర చెప్పిన మాట అక్కడే ఉంటుంది. ప్రాణాపాయం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప బయటికి రాదు. ఆర్‌ఏ దగ్గర చెప్పింది పదిమందిలో పడదు, కానీ తెలియాల్సిన అధికారికి తెలుస్తుంది. ముఖ్యంగా లైంగిక వేధింపులు, దాడుల విషయంలో. దీనికి మూలం విద్యాసంస్థల్లో ఆడా మగా వివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ అనే చట్టం. చాలామంది ఆర్‌ఏలు “చట్టం ప్రకారం నేను చెప్పి తీరాలి” అంటారు. అది పూర్తిగా సరికాదు. బైడెన్ ప్రభుత్వం 2024లో తెచ్చిన నిబంధనలను 2025 జనవరిలో కెంటకీలోని ఫెడరల్ కోర్టు కొట్టేయడంతో 2020 నిబంధనలే మళ్లీ అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం యూనివర్సిటీకి ఫిర్యాదు తెలిసినట్టు లెక్క వేసేది టైటిల్ నైన్ సమన్వయకర్తకో, చర్య తీసుకునే అధికారమున్నవారికో తెలిసినప్పుడే. ఆర్‌ఏ నివేదించాలన్నది ఎక్కువచోట్ల ఆ యూనివర్సిటీ తనకు తాను పెట్టుకున్న నియమం. అయినా ఆర్‌ఏకి అది ఉద్యోగ షరతే.

అందుకని శిక్షణలో ఒక వాక్యాన్ని పదేపదే అనిపిస్తారు: “నువ్వు చెప్పేది వినడానికే ఉన్నాను. కానీ కొన్ని సంగతులు నా ఒక్కదాని దగ్గరే ఉంచుకోలేను. చెప్పే ముందు అది నీకు తెలియాలి.” ఈ వాక్యం ఎప్పుడనాలన్నదే కష్టం. ముందే అంటే ఆ అమ్మాయి లేచి వెళ్లిపోవచ్చు. ఆలస్యంగా అంటే మోసపోయాననుకుంటుంది. నివేదించడం వల్ల బాధితులకు సాయం త్వరగా అందుతుందని ఒక వాదం. నిర్ణయాన్ని వాళ్ల చేతిలోంచి లాక్కుంటే అసలు నోరు విప్పడమే మానేస్తారని ఇంకో వాదం. రెండూ అనుభవంలోంచి వచ్చినవే.

ఇంటర్న్ చేతిలో నిజంగా ఏ అధికారం ఉంది?

శిక్షణ మూడో రోజు. మధ్యాహ్నం గోప్యత మీద క్లాసు చెప్పింది ఇంటర్న్. తనకి 23 ఏళ్లు. రాత్రి ఒక కొత్త ఆర్‌ఏ, 20 ఏళ్ల అమ్మాయి, తన దగ్గరికొచ్చి, నిన్న రాత్రి ముగ్గురం కలిసి తాగాం, హాల్ డైరెక్టర్‌కి చెప్పొద్దు అంటుంది. వయసు దగ్గర కాబట్టీ, తను బాస్ కాదు కాబట్టీ వచ్చి చెప్పింది. మధ్యాహ్నం తను నేర్పిన వాక్యం ఇప్పుడు తనే అనాలి. క్లాసులో ఎంత తేలిగ్గా అంది! ఇప్పుడు నోరు పెగలదు.

ఇంటర్న్‌కు ఆ అమ్మాయి మీద చర్య తీసుకునే అధికారం లేదు. పనితీరు అంచనా వేసేదీ, తొలగించేదీ హాల్ డైరెక్టరే. కానీ తెలిసీ ఊరుకునే స్వేచ్ఛ కూడా లేదు. కొందరు అధికారులు ఇంటర్న్‌ను పూర్తిగా నేర్చుకునే మనిషిగానే ఉంచాలంటారు. వేరే క్యాంపస్ నుంచి వచ్చి పది వారాల్లో వెళ్లిపోయే మనిషికి ఇక్కడి పిల్లల భవిష్యత్తు మీద అధికారం ఇవ్వడం న్యాయం కాదన్నది వారి మాట. నిజమైన బాధ్యత ఇవ్వకపోతే ఇంటర్న్‌షిప్ చివరికి కుర్చీలు సర్దే పనిగా, టీషర్టులు పంచే పనిగా మిగులుతుందని మరికొందరంటారు. నాకైతే అధికారం ఎంత ఇచ్చారన్నదానికంటే, ఇచ్చింది ఎంతో మొదటి రోజే ఆర్‌ఏలందరి ముందూ చెప్పారా లేదా అన్నది ముఖ్యం. ఆ అమ్మాయి రాత్రి వచ్చే ముందే, ఇంటర్న్ కూడా నివేదించాల్సినవారిలో ఉంటుందని తెలిసి ఉంటే, ఆ సంభాషణ మరోలా నడిచేది.

ఇంకో చిక్కు క్యాలెండర్‌ది. ఇంటర్న్‌లలో చాలామంది తమ సొంత క్యాంపస్‌లో హాస్టల్ చూసే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు. అక్కడా శిక్షణ ఆగస్టులోనే. కాబట్టి వేసవంతా కష్టపడి వేరేచోట తయారుచేసిన శిక్షణ మొదలయ్యే వేళకి వాళ్లు వెనక్కి బయల్దేరాలి. వంట చేసి వడ్డన చూడకుండా వెళ్లిపోవడం లాంటిది. కొన్ని యూనివర్సిటీలు వేసవి ఆఖర్న చిన్న శిక్షణ ఒకటి ముందుగానే పెట్టి ఆ లోటు కొంత తీరుస్తాయి. వేసవి సెలవుల్లో హాస్టళ్లలో పనిచేసే ఆర్‌ఏల శిక్షణను ఇంటర్న్ చేతికి ఇవ్వడం ఇంకో దారి.

చదువా, ఉద్యోగమా: డబ్బు లెక్క

ఆర్‌ఏకి ఎక్కువచోట్ల ఇచ్చేది ఉచిత గది, భోజనం, లేదా వాటిలో తగ్గింపు. కొన్నిచోట్ల చిన్న భృతి కూడా. ఉదాహరణకి గది ఏడాదికి 8,000 డాలర్లు, భోజనం 4,000 డాలర్లు అనుకుందాం. మొత్తం 12,000. వారానికి 20 గంటల చొప్పున 30 వారాలు పనిచేస్తే 600 గంటలు, గంటకి 20 డాలర్లు పడుతుంది. బాగానే ఉందనిపిస్తుంది. కానీ శిక్షణ రెండు వారాలు, రాత్రి డ్యూటీ ఫోన్ పట్టుకుని మెలకువగా ఉన్న గంటలు కలిపితే అంకె పడిపోతుంది. అవసరాన్ని బట్టి వచ్చే ఆర్థిక సాయం తీసుకునే విద్యార్థికైతే, ఉచిత గదిని కూడా సాయంగా లెక్కగట్టి మిగతా సాయంలో కోత పెట్టే అవకాశముంది. అప్పుడు చేతికొచ్చేది ఇంకా తక్కువ.

గది, భోజనం, ఫీజుల్లో తగ్గింపు పొందే ఆర్‌ఏలను కనీస వేతన చట్టం కింద సాధారణంగా ఉద్యోగులుగా పరిగణించబోమని అమెరికా కార్మిక శాఖ అంటుంది. కార్మిక సంఘాల చట్టాల లెక్క వేరు. ఆమ్‌హర్స్ట్‌లోని మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆర్‌ఏలు 2002లోనే యునైటెడ్ ఆటో వర్కర్స్ సంఘంలో చేరడానికి ఓటేశారు. 2022లో కనెక్టికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీ తన ఆర్‌ఏల సంఘాన్ని ఎన్నిక లేకుండానే గుర్తించింది. నాయకత్వం నేర్పే అవకాశమిదని యూనివర్సిటీలు చెబితే, అర్ధరాత్రి అంబులెన్సు పిలిచేది మేమే కదా అని ఆర్‌ఏలు అడుగుతున్నారు.

ఎఫ్-1 వీసా మీద ఉంటే

మన పిల్లలకు అసలు మెలిక ఇక్కడుంది. ఎఫ్-1 విద్యార్థి సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించి పనిచేయకూడదు. ఈ పరిమితి అన్ని పనులకూ కలిపి. డబ్బుకు బదులు గది ఇచ్చినా అది పనే. లైబ్రరీలో 12 గంటలు చేస్తున్న విద్యార్థి 10 గంటల ఆర్‌ఏ పనికి ఒప్పుకుంటే మొత్తం 22. ఆ రెండు గంటలతోనే వీసా హోదాకు ముప్పు వస్తుంది.

ఆగస్టు శిక్షణలో రోజంతా పనే, వారానికి నలభై గంటలు దాటుతుంది. సెమిస్టర్ ఇంకా మొదలవలేదు కాబట్టి, తర్వాతి సెమిస్టర్‌కు కొనసాగే విద్యార్థికి అది కుదురుతుంది. శిక్షణ క్లాసుల మొదటి వారంలోకి సాగితే మాత్రం ఆ వారం 20 గంటల లెక్కలోకి వస్తుంది. అప్పుడే అమెరికాలో దిగిన కొత్త విద్యార్థి అయితే తరగతులకు 30 రోజుల ముందు నుంచే క్యాంపస్‌లో పని మొదలుపెట్టొచ్చు.

వేరే యూనివర్సిటీలో ఇంటర్న్‌షిప్ అంటే ఇంకో సంగతి. అది తన క్యాంపస్ పని కాదు కాబట్టి సీపీటీ, అంటే చదువులో భాగంగా బయట పనిచేసే అనుమతి, కావాలి. చదువులో ఆ పని అంతర్భాగమై ఉండాలి, ఎక్కడ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఎక్కాలి. పూర్తికాలపు సీపీటీ 12 నెలలు నిండితే అదే స్థాయి చదువు మీద వచ్చే ఓపీటీ (చదువయ్యాక పనిచేసుకునే అనుమతి) పోతుంది. వేసవి రెండు మూడు నెలలతో ఆ భయం లేదు. కానీ తేదీల విషయంలో పట్టువిడుపు ఉండదు. గుంటూరు నుంచి వెళ్లిన ఒకమ్మాయి సీపీటీ ఆగస్టు 8న ముగుస్తుందనీ, తను పట్టిక రాసిన శిక్షణ 10న మొదలవుతుందనీ అనుకుందాం. ముందే పొడిగింపు తెచ్చుకోకపోతే ఆ రెండు రోజులాగి ఒక్క గది నడిపినా అది అనుమతి లేని పనే. ఎనిమిదో తేదీ సాయంత్రం తను చేయగలిగేది, తాను రాసిన సన్నివేశాల కాగితాలను హాల్ డైరెక్టర్ చేతిలో పెట్టడం. ఇంగువ గొడవ గదిలో లైబ్రరీ సంగతి నటించేవాళ్లు ముందే చెప్పేయకూడదని పై కాగితం మీద ఒక గీత కింద రాసి పెట్టడం.